హుక్కుల డబ్బాలో మాత్రలు

మా చర్చి సంఘంలో ఆదివారం పాస్టరు వాక్యం చెప్పే ముందు అరగంట సాక్ష్యాలకు వదిలేస్తారు. ఆ వారం దేవుడు చేసిన మేలు ఏదైనా ఉంటే ఎవరైనా లేచి మైకులో చెప్పవచ్చు. మిర్చి కోతలో కాళ్ల మధ్య నుంచి పాము పోయినా కాటు వేయలేదని ఒకరు, ఎండిపోయిందనుకున్న బోరులో నీళ్లు పడ్డాయని ఒకరు చెప్తుంటే మిగతావాళ్లం స్తోత్రం అంటాం. సాగర్ కాలువలో బాప్తిస్మం తీసుకుని రెండేళ్లయినా నేను ఒక్కసారీ లేవలేదు. మాది రొంపిచెర్ల దగ్గర ఊరు, నాది జాకెట్లు కుట్టే పని. పొద్దున కూర్చుంటే సాయంత్రం లేస్తాను. నా దగ్గరికి పాము కూడా రాదు.

నన్ను ఆ సంఘానికి తీసుకుపోయింది పక్కింటి అత్త. చుట్టరికం ఏమీ లేదు, వరస కలుపుకుని అత్తా అంటాను. డెబ్బై దగ్గర పడ్డ మనిషి. భర్త పోయాక ఒక్కతే ఉంటుంది. ప్రార్థన చేయడం నాకు నేర్పింది ఆమే. మొదట్లో నాకు మాటలు వచ్చేవి కావు. "కడుపులో ఏముంటే అది చెప్పు, ఆయనకు తెలవదా ఏంది" అనేది. అంత సులువుగా చెప్పిన మనిషి మాట నేను పట్టించుకుని ఉంటే ఇదంతా జరిగేది కాదు.

ఒక ఎండాకాలం కళ్లు తిరిగి కుట్టుమిషన్ మీదనే పడిపోయాను. ప్రభుత్వ ఆసుపత్రిలో బీపీ అన్నారు. రోజుకొక మాత్ర, ఇక బతికినంత కాలం మానకూడదు అన్నారు. ఆ శుక్రవారం ఉపవాస కూటంలో పాస్టరు అయ్యగారి భార్య, మేమంతా అమ్మగారు అని పిలిచే ఆమె, నా తలమీద చెయ్యి పెట్టి ప్రార్థించింది. మూడు వారాలకు మళ్లీ చూపించుకుంటే బీపీ సరిగ్గా ఉంది. ఆ ఆదివారం నేను లేచాను.

చెప్పాలనుకున్నది ఒకటే ముక్క, బీపీ తగ్గిందని. కానీ మైకులో నా గొంతు నాకే పెద్దగా వినపడింది. ఆడవాళ్ల వైపు నుంచి స్తోత్రాలు లేచాయి. ముందు వరసలో కూర్చున్న అమ్మగారు నవ్వు మొహంతో, మాత్రలు ఇంకా వేసుకుంటున్నావా అమ్మా అని అడిగింది. ఊరికే అడిగింది. వేసుకుంటున్నానని చెప్తే ఆ స్తోత్రాలు అక్కడే ఆగిపోతాయేమో అనిపించింది.

"లేదమ్మగారూ. పక్కన పెట్టేశాను" అన్నాను.

హాలు మారుమోగిపోయింది. ఆరాధన అయ్యాక ఒక్కొక్కరే వచ్చి చేతులు పట్టుకున్నారు. అప్పటిదాకా చెప్పుల దగ్గర కూర్చునేదాన్ని, ముందు చాప మీదికి వచ్చాను. శుక్రవారం ఎవరెవరికి ఏ ప్రార్థన కావాలో రాసిన చీటీ చదివే పని నాకు ఇచ్చారు. నాకు నచ్చింది. సిగ్గుపడాల్సింది పోయి కొత్త చీరకు ఫాల్ కుట్టుకుని మరీ వెళ్లాను.

మాత్రలు మాత్రం మానలేదు. మానేంత ధైర్యం నాకెక్కడిది? మాత్రల అట్టను హుక్కుల డబ్బాలో అడుగున పెట్టి, పైన హుక్కులు పోసి మూత పెట్టేదాన్ని. ఊళ్లో ఆశా కార్యకర్త ఇంటింటికీ మాత్రలు ఇస్తుంది, కానీ ఆమె కూడా మా సంఘమే. అందుకని దారం కొనాలనే సాకుతో నరసరావుపేట పోయి తెచ్చుకునేదాన్ని. గుమ్మంలో ఎవరి నీడ పడినా చెయ్యి డబ్బా మీదికి పోయేది. ఇంట్లో మాత్ర వేసుకోవడానికి దొంగలాగా గోడ వైపు తిరిగే నన్ను చూసి మా ఆయన నవ్వేవాడు. ఆయన గుడికీ రాడు, చర్చికీ రాడు.

మాఘమాసంలో అత్త ఇంటి ముందు కూర్చుని ఇద్దరం ఎండుమిరపకాయల తొడిమలు తీస్తున్నాం. ఘాటుకు ముక్కులు కారుతున్నాయి. కొంగుతో ముక్కు తుడుచుకుంటూ అత్త మామూలుగా చెప్పింది.

"నేనూ ఆపేసినానే అమ్మాయ్. బీపీ బిళ్లలు. ఇరవై రోజులైంది."

ఎందుకని అడిగాను. పదిహేనేళ్లుగా వాడుతున్న మనిషి.

"నీకిచ్చినాయన నాకియ్యడా ఏంది? నువ్వు నిన్నగాక మొన్న వచ్చినదానివి, నీకే అంత విశ్వాసం ఉండె. నాకు సిగ్గేసింది."

అప్పుడే చెప్పి ఉండాల్సింది. ఉన్నది మేమిద్దరమే, మూడో మనిషి లేదు. బదులుగా, నీ వయసు వేరు అత్తా, సగమైనా వేసుకో అని నీళ్లు నమిలాను. వయసు దేవుడికి లెక్కా అని నవ్వేసింది. నా కళ్లమ్మట నీళ్లు కారుతుంటే మిరపఘాటు అనుకుంది.

ఆ రోజు నుంచి నాకు భయం మొదలైంది. పొద్దున లేవగానే గోడకు చెవి పెట్టి అత్త దగ్గు కోసం వినేదాన్ని. దగ్గు వినపడితే ఊపిరి వచ్చేది. ఆలస్యమైతే ఏదో ఒక నెపంతో చెంబు పట్టుకుని వెళ్లేదాన్ని. ఆమె నడుస్తుంటే కాలు ఈడుస్తుందేమో, మాట్లాడుతుంటే మూతి పక్కకు పోతుందేమో అని చూసేదాన్ని. ఈమె పడిపోతే చంపింది నేనే. ఆ మాట మిషన్ తొక్కినంతసేపూ నాతోపాటు తిరిగేది. ప్రార్థనకు మోకరిస్తే ఒక్క మాట వచ్చేది కాదు. కడుపులో ఉన్నది చెప్పమని నేర్పిన మనిషి గురించే కడుపులో దాచుకున్నాను మరి.

ఒక శనివారం అత్త కొత్త జాకెట్టు తొడిగి చూసుకోవడానికి మా ఇంటికి వచ్చింది. హుక్కు పెట్టుకోలేకపోయింది. వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి, నువ్వు పెట్టు అంది. హుక్కులు నేనే పెట్టాను. రేపు చర్చిలో నేను సాక్ష్యం చెప్తా, నీ వల్లనే నాకు విశ్వాసం కలిగిందని చెప్తా అంది. ఇంకో ఇద్దరు ముసలాళ్లు కూడా ఆలోచిస్తున్నారట, ఈమె చెప్తే వాళ్లూ ఆపేస్తారట. ఆమె వెళ్లాక హుక్కుల డబ్బా తీసి అట్టను బైబిలు సంచిలో వేసుకున్నాను.

ఆదివారం అయ్యగారు సాక్ష్యాలకు పిలవగానే అత్త మోకాలి మీద చెయ్యి ఆనించి లేవబోయింది. నేను ముందే లేచి మైకు అందుకున్నాను.

"నేను అబద్ధం చెప్పినాను. ఒక్కరోజు కూడా మాత్ర మానలేదు. ఇవిగో" అని అట్ట ఎత్తి చూపించాను.

నా అబద్ధానికి హాలు నిండా పలికిన స్తోత్రం నా నిజానికి ఒక్క నోట కూడా రాలేదు. అయ్యగారు మొహం పాలిపోయి, మందులు మానేయమని నేనెప్పుడైనా చెప్పానా అని అందర్నీ అడిగాడు. అత్త పైకి లేచింది. నా దగ్గరికి వచ్చి, కోపంగా కాదు, జాలిగా నా చెంప నిమిరింది.

"సాతాను దీని చేత అట్టా పలికిస్తన్నాడు అయ్యగారూ. దీనికి ప్రార్థన చేయండి" అంది.

వెనక నుంచి ఎవరో స్తోత్రం అన్నారు. ఒకరిని చూసి ఇంకొకరు అన్నారు. నా జీవితంలో అంత భయం నేను మళ్లీ ఎరగను. నిజం చెప్పేస్తే చాలు, దానంతట అదే సర్దుకుంటుందనుకున్నాను. నా అబద్ధం నన్ను దాటి పోయింది, ఇక నేను పిలిచినా వెనక్కి రాదు. అందరి ముందు అట్టలోంచి మాత్ర ఒకటి తీసి నీళ్లు లేకుండా మింగాను. అత్త కళ్లు మూసుకుని ప్రార్థిస్తోంది, చూడలేదు.

అప్పుడు అమ్మగారు లేచి వచ్చి అత్త భుజం చుట్టూ చెయ్యి వేసింది. "దేవుడు బాగుచేస్తే బీపీ మిషను కూడా అదే చెప్తది గదా పెద్దమ్మా. ఒక్కసారి చూపిచ్చుకొచ్చి అప్పుడు చెప్పు సాక్ష్యం" అంది. అత్త చెప్పుల కోసం బయటికి నడిచింది. వాక్యం మొదలుకాకుండానే ముగ్గురం ఆటో ఎక్కాం.

ఆసుపత్రిలో నర్సు ఒక చేతికి పట్టీ కట్టి చూసింది. రెండో చేతికి కూడా కట్టి చూసింది. తర్వాత డాక్టరుకు ఫోన్ చేసింది. అత్తను మంచం మీద పడుకోబెట్టి, ఇంకొన్నాళ్లు ఇట్లాగే ఉంటే మనిషి మంచానికి అంటుకుపోయేది అంది. ఎన్నాళ్లయింది మానేసి, ఎవరు మానమన్నారు అని గట్టిగా అడిగింది. అత్త తల తిప్పి నన్ను చూసింది. నా మొహంలో నిజం ఆమెకు అప్పుడు కనపడిందనుకుంటాను. నా పేరు చెప్పలేదు. ఎవరూ మానమన్లేదు, నేనే మానేసినా అంది.

ఇంటికి వచ్చేదాకా నాతో మాట్లాడలేదు. తర్వాతి వారాలు కూడా అంతే. చర్చిలో నేను మళ్లీ చెప్పుల దగ్గరికి వచ్చాను. ఎవరూ పొమ్మనలేదు, నేనే వచ్చాను. చీటీ చదివే పని వేరే అమ్మాయికి ఇచ్చారు. కానీ రోజూ పొద్దున నా అట్ట, చెంబు పట్టుకుని అత్త గుమ్మంలో నిలబడుతున్నాను. ఆమె తన మాత్ర నోట్లో వేసుకుని, నేను నాది వేసుకునేదాకా చూస్తుంది.

నెల దాటాక ఒకరోజు మొదటిసారి మాట్లాడింది.

"నోరు తెరువు" అంది.

తెరిచాను. నాలుక కింద ఏమైనా దాచానేమోనని వంగి చూసింది. దేవుణ్ణి నమ్మినంత గట్టిగా ఒకప్పుడు నా మాట నమ్మిన మనిషి. ఇప్పటికీ రోజూ తెరవమంటుంది, రోజూ తెరుస్తున్నాను. ఎప్పుడైనా పొద్దెక్కినా ఆమె తలుపు తీయకపోతే, ఆ గడియ చప్పుడు వినపడేదాకా చెంబు రెండు చేతులతో పట్టుకుని నిలబడతాను.