మన మందే కదా అనుకున్నాను

నిన్న మధ్యాహ్నం మా మనవరాలి బల్ల మీద ఆకుపచ్చ కాగితం అంటించిన సీసా ఒకటి కనబడింది. మనశ్శాంతికి, నిద్రకు, పూర్తిగా మూలికలతో చేసినది అని దాని మీద రాసి ఉంది. పిల్లకి ఇప్పుడు ఐదో నెల. డాక్టరుకి చూపించావా అని అడిగితే, మూలికలే కదా అమ్మమ్మా, ఏమవుతుంది అంది. పెళ్ళయిన కొత్తలో ఒడిశాలోని పొలసరలో ఉన్నప్పుడు నాకు నేను చెప్పుకున్న మాటా అదే.

ఇచ్ఛాపురం పక్క పల్లెలో పుట్టినదాన్ని, పెళ్ళయి వచ్చేనాటికి నాకు ఒరియా ముక్క రాదు. బరంపురంలో అయితే వీధి వీధికీ తెలుగు ఇళ్ళుండేవి, అత్తవారూ అక్కడే, కాని మా ఆయన బట్టల కొట్టు పెట్టింది పొలసరలో. పొద్దున్నే ఆయన కొట్టుకి వెళ్ళిపోతే సాయంత్రం దాకా నాతో మాట్లాడే ప్రాణి లేదు. పక్కింటావిడ నవ్వితే నేనూ నవ్వేదాన్ని, అక్కడితో మా కబుర్లు సరి. కడుపుతో ఉన్నానని తెలిశాక ఏడుపు పట్టుకుంది. బియ్యం ఏరుతూ ఏడుపు, జడ వేసుకుంటూ ఏడుపు, కళ్ళు మూసుకున్నా నిద్ర రాదు. మన తరంలో దానికి పేరెక్కడిది? వేవిళ్ళంటే జాలిపడేవాళ్ళు కూడా దిగులంటే పని లేకపోవడం అనేవారు. ఆయనతో చెప్పుకోవడానికి నాకే సిగ్గు.

ఒరియా గురించి నేను పట్టుకున్న కిటుకు ఒక్కటే, మనం ‘అ’ అన్నచోట వాళ్ళు ‘ఒ’ అంటారని. జగన్నాథుడు జొగొన్నాథొ అయ్యాడు కాబట్టి, వినబడ్డ ‘ఒ’లన్నీ ‘అ’లుగా తిప్పుకుంటే సగం భాష వచ్చేసినట్టేనని మురిసిపోయేదాన్ని. ఒక సంతరోజున వేర్లు అమ్మే ముసలాయన ముందు కూర్చుని, గుండె మీద చెయ్యి వేసి, కళ్ళు తుడుచుకుని సైగలు చేస్తే, ఆయన జాలిగా చూసి ఏదో వేరు పొడి పొట్లం కట్టి ‘మొనొ ఔసొదొ’ అన్నాడు. నా కిటుకు ప్రకారం తిప్పుకున్నాను, మన ఔషధం అని. మనదే, చెట్టుదే, ఇంకేం భయం! కడుపు సంగతి ఆ ముసలాయనకి తెలియనివ్వలేదు కూడా; బయటివాళ్ళకి చెప్పకు, దిష్టి తగులుతుందని మా అమ్మ చెప్పి పంపింది కాబట్టి కొంగు నిండుగా కప్పుకుని వెళ్ళాను.

పాలలో కలుపుకుని వారం రోజులు తాగాను. ఏడుపు తగ్గిన మాట నిజమే కాని పగలంతా మత్తు, పైగా అప్పుడప్పుడే కదలడం మొదలుపెట్టిన బిడ్డ రెండు రోజులు కదిలినట్టే అనిపించలేదు. ఆ రెండు రోజుల ఒంటరితనం పగవాళ్ళకి కూడా వద్దు. మూడో రోజు ఇళ్ళకు తిరిగే నర్సమ్మ వచ్చింది, నా అదృష్టం కొద్దీ మా ఊరి వైపు మనిషే. ఏడుస్తూ పొట్లం చూపించి, ‘మొనొ ఔసొదొ’ అన్నాడు, మన మందే కదా అనుకున్నాను అని చెప్పాను. ఆవిడ కడుపు మీద చెక్క గొట్టం ఆనించి చాలాసేపు విని, గుండె కొట్టుకుంటోందని చెప్పాక అందుకుంది:

“మొనొ అంటే మనది కాదే తల్లీ, మనసు! ఇది ఏటి ఏరో నాకూ తెల్దు. తెల్నిది కడుపులో పిల్లకెలా పెట్టీసినావు? గన్నేరూ సెట్టే కదా!”

తిట్టడం అయ్యాక చాప మీద నా పక్కనే కూర్చుని, “ఇంతకీ నీకేటి దిగులు, సెప్పు” అంది. ఆ ఊరు వచ్చాక నన్ను ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆవిడే. తర్వాత తనే భంజనగర్‌లో డాక్టరమ్మకి చూపించింది, వచ్చినప్పుడల్లా ఓ అరగంట నాతో కూర్చునేది. మా అమ్మాయి క్షేమంగానే పుట్టింది. ఆ రెండు రోజులు బిడ్డ కదలకపోవడం పొడి వల్లో, వట్టి నా భయమో ఇప్పటికీ నాకు తెలియదు.

ఇదంతా చెప్పి, డాక్టరుకి చూపించేదాకా తాగకు అంటే మనవరాలు సరేనంది. సీసా సొరుగులో పెట్టి, తన గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. ఆ రోజుల్లో పొట్లం మీద ఏమీ రాసి ఉండేది కాదు, ఇప్పుడు సీసా మీద చీమల బారులా అన్నీ రాస్తున్నారు, భాష రాని బాధ కూడా లేదు. ఆ పిల్లదీ నాదీ ఒకటే భాష, ఒకటే ఇల్లు. అయినా నిన్న ఆ మూసిన తలుపు చూస్తూ కూర్చున్నాక గాని నాకు తట్టలేదు, సీసా గురించి అంతసేపు అడిగినదాన్ని, నీకేమిటమ్మా దిగులు అని ఒక్కసారీ అడగలేదని.