తోడు లేకుండా వచ్చినామె

1998లో నేను బందరులో ఒక మానసిక వైద్యుడి క్లినిక్‌లో నర్సుని. ఓపీ, అంటే చూపించుకుని అదే పూట వెళ్ళిపోయేవాళ్ళ వరస, నా చేతిలో ఉండేది. డాక్టరుగారు నెమ్మదస్తులు. నోరంతా నాదే.

రోగి వెంట అటెండెంట్, అంటే ఇంటి మనిషి, ఉండాలని మా దగ్గర నియమం. ఆ పేరు కేస్ షీటులో రాశాకే లోపలికి పంపాలి. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ నియమం నేను ఆడవాళ్ళ దగ్గరే పట్టుబట్టేదాన్ని. మగవాళ్ళు చాలామంది స్కూటరు పక్క సందులో పెట్టి ఒక్కరే వచ్చేవారు. పాపం, తన కష్టం తాను తెలుసుకుని వచ్చాడనుకుని ఆ గడి ఖాళీగా వదిలేసేదాన్ని. ఆడవాళ్ళని ఇంటిల్లిపాదీ వెంటబెట్టుకొచ్చేవారు. ఒంటరిగా వచ్చిందంటే ఇంట్లో పోట్లాడి వచ్చిందనే అనుకునేదాన్ని.

ఆ వర్షాకాలంలో కృత్తివెన్ను వైపు నుంచి ఒకామె వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. పేరు రత్నకుమారి అని చెప్పింది.

"తోడెవరమ్మా?" అని అడిగాను.

"ఎవరూ లేరండీ. పన్ను నొప్పని చెప్పి వచ్చాను. డాక్టరుగారితో పది నిమిషాలు మాట్లాడి బస్సుకి వెళ్ళిపోతానండీ."

"మీ ఆయన్ని తీసుకురా. రేపు మందులు పడకపోతే మమ్మల్ని పట్టుకుంటారు."

"ఆయన ముందు చెప్పేది కాదండీ."

"అందరూ అలాగే అంటారమ్మా," అన్నాను. కాసేపు నా బల్ల దగ్గరే నిలబడి వెళ్ళిపోయింది.

రెండు వారాలకి భర్త, అత్తగారు తీసుకొచ్చారు. "పంటికని చెప్పి ఇక్కడికొచ్చిందటండీ, ఊళ్ళోవాళ్ళు చూసి చెప్పారు," అంది అత్తగారు. లోపల డాక్టరుగారు ఏం అడిగినా భర్తే జవాబిచ్చాడు. తినదు, నిద్రపోదు, పిల్లల్ని కసురుతుంది.

"మీరు చెప్పండమ్మా," అన్నారు డాక్టరుగారు.

"ఆయన చెప్పారు కదండీ," అంది.

వాళ్ళిద్దర్నీ బయట కూర్చోమనడం నాకు ఒక్క మాట పని. వసారా నిండా జనం కాచుకునున్నారని, ఆలస్యమవుతుందని ఊరుకున్నాను. మాత్రలు రాయించుకుని వెళ్ళిపోయారు.

చలికాలంలో ఆ భర్త ఒక్కడే వచ్చాడు.

"మీ ఆవిడ ఎలా ఉందండీ?"

"పోయిందండీ. నెల దాటింది. తనంతట తనే..." కళ్ళు తుడుచుకున్నాడు. "అప్పట్నుంచి నాకు నిద్ర లేదు. ఒకసారి చూపించుకుందామని."

అప్పటికే ఆయన పేరు రాసేశాను. తోడెవరని అడగనే లేదు.

ఆయన మీద నాకు కోపం రాలేదు, ఆయనా ఏడుస్తూనే ఉన్నాడు. నా మీదే వచ్చింది. సాయంత్రం డాక్టరుగారికి ఆమె మొదటిసారి ఒంటరిగా వచ్చిన సంగతితో సహా అంతా చెప్పేశాను. "ఆ నియమం పెట్టింది నేనేనమ్మా," అన్నారాయన.

ఆ తర్వాత ఒంటరిగా వచ్చిన ఆడవాళ్ళని ముందు పంపేదాన్ని. వెంట వచ్చినవాళ్ళు ఎంత సణిగినా పది నిమిషాలు బయట కూర్చోబెట్టేదాన్ని. దానివల్ల కొందరికి మేలు జరిగింది. రత్నకుమారి ఏం చెప్పుకుందామని వచ్చిందో మాత్రం ఇక ఎవరికీ తెలియదు. ఆ మొదటి రోజు నేను పక్కకి తప్పుకుని ఉంటే ఒక్కరికైనా తెలిసేది.