రాణి కళ్లు, నా నాలుక

మధ్యాహ్నం మూడు గంటల నలభై నిమిషాలకు లారీ మమ్మల్ని ఉత్తర సరిహద్దులోని సైనిక పోస్టులో దింపింది. పదకొండు వేల అడుగుల ఎత్తు. గాలిలో మంచు పొడి. నా వీపున ఇరవై రెండు కిలోల సామాను, చేతిలో పది అడుగుల తాడు, తాడు చివర రాణి. నాలుగేళ్ల పసుపు లాబ్రడార్. నేలలో పాతిన మందుపాతరను వాసన పట్టి, దాని ముందు కూర్చోవడం దాని ఉద్యోగం. దాని వెనక నడవడం నాది. మా వెనక ఎనిమిది మంది జవాన్లు.

నా నోటి సంగతి, నా కోతల సంగతి మా ఆళ్లగడ్డలో అందరికీ తెలుసు. నంద్యాలలో ఉడికే పలావు వాసన రాణి ఆ కొండ మీద పట్టేదని చెప్పింది నేనే. దాన్ని వదిలేయండి. ఇది కోత కాదు.

మూడో వారం, సాయంత్రం ఐదున్నర. రాణి నేరుగా వెళ్లి కిరోసిన్ డ్రమ్ముకు గుద్దుకుంది. అందరూ చూశారు. కుక్క పనికిరాదని రాస్తే మరుసటి లారీలో దాన్ని కిందికి పంపేస్తారు. నాకు ఇంకో కుక్కనిస్తారు. నాకు ఇంకో కుక్క వద్దు. కథ అల్లాను.

"ఆ డ్రమ్ములో వెనకటి యుద్ధంలో మందుగుండు దాచినారంట. ఇనుముకు ఇంకా ఆ వాసన పోలేదు. అందుకే ముక్కు ఆనించింది."

పోస్టంతా నవ్వింది. రేడియో ఆపరేటర్ నవ్వలేదు. వాడిది దొర్నిపాడు, మా పక్క ఊరే.

"అన్నా, దానికి కండ్లు కనపడ్తాండాయా?"

"నీకంటే బాగా కనపడ్తాండాయ్ లేప్పా."

"నాకు కనపడ్తాండేది ఏందో చెప్పమంటావా?"

"నీ బ్యాటరీలు నువ్వు చూసుకో పో."

మర్నాటి నుంచి రాణిని నాలుక చప్పుడుతో నడపడం మొదలుపెట్టాను. ఒకటి కొడితే ఎడమకు. రెండు కొడితే కుడికి. మూడు కొడితే ఆగాలి. ఎనిమిది రోజుల్లో నేర్చుకుంది. పగలు దానికి బాగానే కనిపించేది. పొద్దు వాలితే మాత్రం నా నాలుకే దానికి దారి. రిజిస్టరులో రోజూ 'కుక్క ఆరోగ్యం బాగుంది' అని రాసి సంతకం పెట్టాను.

నలభయ్యో రోజు, సాయంత్రం ఐదు ఇరవై. గస్తీ ముగించుకుని వస్తున్నాం. దారికి రెండు వైపులా సున్నం పూసిన రాళ్లు. రాళ్ల అవతల పాత మందుపాతరలు. ఉన్నట్టుండి గాలి లేచింది. మూడు చప్పుళ్లు కొట్టాను. ఆ గాలి హోరులో రాణికి వినపడలేదు. రాళ్ల మధ్య నుంచి అవతలికి దాటింది. తొడుగులో మొద్దుబారిన నా చేతిలోంచి తాడు జారింది. నా వెనకే ఉన్న ఆపరేటర్ తాడు కొస అందుకోబోయి ఒక్క అడుగు రాళ్ల అవతల వేశాడు.

నేల పేలింది. రాణికి ఏమీ కాలేదు. మంచులో వెల్లకిలా పడి, వాడే రేడియో అందుకున్నాడు.

"ఒకరికి గాయం. ఎడమ పాదం పోయింది. స్ట్రెచర్ పంపండి. ఓవర్."

"గాయపడింది ఎవరు? ఓవర్."

"నేనే. ఓవర్."

పన్నెండు రోజుల తర్వాత, పైవాళ్ల ఆదేశం మీద, రాణిని కింద ఉన్న పశువైద్యశాలకు తీసుకెళ్లాను. డాక్టర్ ఒక కెప్టెన్ మేడమ్. ముందు మసక వరండాలో కుర్చీల మధ్య నడిపించమంది. అలవాటు కొద్దీ నాలుక ఆడించాను. రాణి ఒక్క కుర్చీకీ తగల్లేదు. మేడమ్ కుక్కను చూడలేదు, నా మొహం చూసింది.

"ఇంకో పరీక్ష ఉంది. అందులో కుక్క నిద్రపోతుంది. మీ నాలుక దానికి వినపడదు."

ఉదయం పదకొండు గంటలకు కిటికీలకు నల్లగుడ్డ కట్టారు. కళ్లు చీకటికి అలవాటు పడాలని ఇరవై నిమిషాలు ఆగాం. ఎర్ర టార్చి వెలుగులో సూది వేశారు. రాణి నా తొడ మీద తల వాల్చి నిద్రపోయింది. కంటిగుడ్డు మీద తీగ ఉన్న పలుచని బిళ్ల పెట్టారు. మసక వెలుగు మెరిపించారు. ఆ వెలుగుకు కంటి లోపలి రెటీనా పొర జవాబిస్తే తెర మీద గీత లేవాలి. లేవలేదు. గట్టి వెలుగు మెరిపించారు. చిన్న గుట్టలా లేచి పడుకుంది.

"పగటి చూపు కాస్త మిగిలింది. మసకలో చూపు లేదు. ఎప్పటి నుంచి?"

ఎత్తు వల్ల అని చెప్పొచ్చు. మంచు మెరుపు వల్ల అని చెప్పొచ్చు. రెండు కథలూ నోటి దాకా వచ్చాయి.

"డ్రమ్ముకు గుద్దుకున్న రోజు నుంచి, మేడమ్."

రాసుకుంది. నా చేతి మీది ర్యాంకు చారలు తీసేశారు. మిగిలిన సర్వీసు స్టోరులో దుప్పట్లు లెక్కపెడుతూ గడిపాను.

పదవీ విరమణ అయ్యాక నంద్యాలలో రైలు దిగి, ఇంటికి పోకుండా ముందు దొర్నిపాడు పోయాను. ఆపరేటర్ పెట్టుడు పాదం విప్పి మంచం మీద కూర్చుని ఉన్నాడు. అంతా చెప్పాను.

"నాకు డ్రమ్ము కత చెప్పినప్పుడే తెల్సు అన్నా. పై ఆఫీసర్‌కు చెప్దామనుకుంటి. నువ్వు రాణిని ఒళ్లో పెట్టుకోని కూర్చున్యావ్. చెప్పలేకపోతి. టీ తాగుతావా?"

తాగాను.

ఇప్పటికీ ఒకటి కళ్ల ముందు నుంచి పోదు. పరీక్ష రోజు రాణికి మెలకువ వచ్చాక దాన్ని వేరేవాళ్లు తాడు పట్టి తీసుకెళ్లారు. మసక వరండా గడప దగ్గర అది ఆగిపోయింది. ముందు కాలు ఒకటి పైకెత్తి, తల నా వైపు తిప్పింది. ఎడమకో కుడికో చెబుతానని చూసింది. నా నాలుక లేవలేదు. కాలు కింద పెట్టకుండా అది అలాగే నిలబడి ఉంది.