బాత్రూంలో నారుమడి

మా సురంగల్ ఊళ్లో ఎవరింట నారు పోయాలన్నా ముందు గోపమ్మకు కబురు వెళుతుంది. విత్తనాలు ఎవరైనా చల్లుతారు. కష్టమంతా మడిని చదును చేయడంలోనే ఉంది. ఒక మూల పల్లమైతే నీళ్లు నిలిచి మొలక మురిగిపోతుంది, ఇంకో మూల మెరకైతే ఎండిపోతుంది. గోపమ్మ చీర పైకి దోపుకుని, చేతిలో ఒక చెక్క పలకతో బురదలోకి దిగిందంటే, గట్టెక్కేసరికి మడి అంతా నీళ్లు ఒకే మందాన నిలబడతాయి. ఆ పనిలో ఉన్నప్పుడు ఆమెను ఎవరూ పలకరించరు. పలకరిస్తే తిడుతుంది.

నేను వాళ్ల పక్కింట్లో కిరాయికి ఉంటాను. మొయినాబాద్‌లో ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతాను. గోపమ్మకు మాట తక్కువ, కోపం ఎక్కువ. ఆమె మాట్లాడాల్సినవి కూడా కలిపి ఆమె భర్త శ్రీశైలమే మాట్లాడేసేవాడు. మెహిదీపట్నం వెళ్లే కూరగాయల బండికి లోడు కట్టడం ఆయన పని. పొద్దున్నే బండి మీద నిలబడి తాళ్లు బిగిస్తూనే దారిన పోయేవాళ్లందరి యోగక్షేమాలూ విచారించేవాడు. ఎన్నిసార్లు ఆయన కబుర్లలో పడి నేను బస్సు వదులుకున్నానో నాకే గుర్తులేదు.

పోయిన వానాకాలంలో టార్పాలిన్ కడుతుంటే తడి తాడు జారి, శ్రీశైలం బండి పైనుంచి కింద పడ్డాడు. తొడ ఎముక విరిగింది. దవాఖానలో రాడ్ వేసి ఇంటికి పంపుతూ, కింద కూర్చోవద్దు, కాలు మడవద్దు అని డాక్టర్ మరీ మరీ చెప్పాడు. చెప్పడానికేం, ఎంతైనా చెబుతారు. వాళ్ల ఇంటి వెనక ఉన్న బాత్రూం ఒక మంచం వేస్తే నిండిపోయేంత గది. స్నానమూ అందులోనే, లెట్రినూ అందులోనే. అది కూడా కింద కూర్చునే పాత సీటు.

గోపమ్మ ఒక ప్లాస్టిక్ కుర్చీకి మధ్యలో పెద్ద రంధ్రం కోసి, కింద బకెట్ పెట్టి, ఇంట్లోనే ఏర్పాటు చేసింది. లేపి కూర్చోబెట్టేదీ, ఎత్తి పారబోసేదీ, కడిగేదీ ఆమే. పశువుల పెంట ఎత్తిన చేతులకు ఇదొక పనా అని ఆమె అనుకుంది. అలా అనుకోలేకపోయినవాడు శ్రీశైలం. ఊరందరినీ నవ్వించే మనిషి నోరు మూసుకున్నాడు. తిండి తగ్గించాడు. నీళ్లిస్తే పెదవులు తడుపుకుని చెంబు పక్కన పెట్టేవాడు.

"ఆకలైత లేదంటడు టీచరమ్మా. అంతా అబద్ధం. తింటే మళ్ల నన్ను పిలువాల్సి వస్తదని తింటలేడు," అని ఒకరోజు గోడ మీదుగా చెప్పి ఏడ్చింది గోపమ్మ. ఏడుస్తూనే తిట్టింది. "ఆపుకుంటడు. ఇగ ఆగకపోతేనే పిలుస్తడు. ఎప్పుడు పిలుస్తడో అని నాకు కన్ను అంటుకుంట లేదు. గిట్లనే నీళ్లు తాగకుంటే కిడ్నీలు ఖరాబైతయని డాక్టర్ అననే అన్నడు. ఆ మనిషికి సిగ్గు ముఖ్యమా, పానం ముఖ్యమా?"

నాకు ఇద్దరి మీదా జాలి వేసింది. ఆయనకు కావలసింది మందు కాదు. తనంతట తాను వెళ్లి, లోపల గడియ పెట్టుకుని, తనంతట తాను బయటికి రాగలిగే ఒక చోటు. వాళ్ల కూతురు మనోజ్ఞ కొండకల్‌లో అత్తగారింట్లో బాలింత. ఫోన్‌లో ఏడవడం తప్ప ఏమీ చేయలేని పరిస్థితి ఆమెది.

ఇక మేస్త్రీల వేట మొదలైంది. మొయినాబాద్ చుట్టూ ఎటు చూసినా ఫామ్‌హౌస్‌లు లేస్తుంటే, ఒక చిన్న బాత్రూం కోసం ఏ మేస్త్రీ వస్తాడు? ఒకాయన ఫోన్ ఎత్తడు. ఇంకొకాయన ఎత్తి, పండుగ అయినంక చూద్దామంటాడు, ఏ పండుగో చెప్పడు. వచ్చిన ఒక్కడూ గదిలో తల పెట్టి, "దీంట్ల ఇద్దరు నిలవడేటట్టు లేదు, పని ఎట్ల చెయ్యాలె?" అని తల బయటికి తీసుకుని బండెక్కి పోయాడు.

"ఇద్దరు పట్టకపోతే ఒక్కదాన్నే చేస్త," అంది గోపమ్మ.

నేను కోపంలో అన్న మాట అనుకున్నాను. మరుసటి సెలవు రోజున నన్ను కూడా చేవెళ్లకు లాక్కుపోయింది. అక్కడ ప్రేమ్‌చంద్ సేటుకు బాత్రూం సామాన్ల దుకాణం ఉంది. వరసగా పెట్టిన వెస్టర్న్ సీట్లను గోపమ్మ కాసేపు ఎగాదిగా చూసి, దుకాణం నడిమధ్యలో ఒకదాని మీద కూర్చుంది.

"అయ్యో, గదేందక్కా! అందరు చూస్తున్నరు," అన్నాడు సేటు.

"సూడనియ్యి. చెప్పులు కొనేటప్పుడు తొడుక్కొని సూడమా?"

దుకాణంలో అందరూ నవ్వారు. నేను తల తిప్పుకుని కుళాయిలు చూస్తూ నిలబడ్డాను. గోపమ్మ మాత్రం ఒక కాలు చాపి, రెండో కాలు మీదే బరువు వేసి లేచి చూసింది. కుదరలేదు. ఇంకో సీటు. అదీ కుదరలేదు. మూడోదానికి సేటు నవ్వడం ఆపి, "ఎవరికక్కా?" అని మెల్లగా అడిగాడు. ఆమె చెప్పింది. లోపలి నుంచి అన్నిటికంటే ఎత్తుగా ఉన్నదాన్ని ఆయనే తెప్పించి, దాన్ని ఎలా కూర్చోబెట్టాలో, గొట్టానికి ఎలా కలపాలో ఓపికగా చూపించాడు.

పని మొదలైన రోజు గోపమ్మ సుత్తి, ఉలి తీసుకుని పాత సీటు పగలగొట్టసాగింది. ఆ చప్పుడు మా ఇంట్లో గిన్నెలు కదిలేటంత. మంచం మీద పడుకున్న శ్రీశైలానికి దెబ్బ సరిగా పడటం లేదని వినికిడితోనే తెలిసిపోయినట్టుంది. కాసేపు ఓర్చుకున్నాడు. చివరికి వాకర్ ఈడ్చుకుంటూ వెనక గుమ్మం దాకా వచ్చాడు.

"ఉలి పట్టేది గట్లనానే? చేతి ఏళ్లు పోతయ్!"

ఎన్నో వారాల తర్వాత ఆయన నోటి నుంచి వచ్చిన నిండు మాట అది. ఆయన్ను అక్కడి నుంచి వెళ్లనివ్వకుండా మరో నాలుగు దెబ్బలు కావాలనే వంకరగా వేశానని గోపమ్మ తర్వాత నాతో చెప్పింది.

ఆ రోజు నుంచి శ్రీశైలానికి బాత్రూం ఎదురుగా కుర్చీ పడింది. చేతిలో ఫోన్, ఫోన్‌లో బాత్రూంలు కట్టే వీడియోలు. చేసేది ఆమె, చెప్పేది ఆయన, ఇద్దరి మధ్యా పోట్లాట. సీటు ముఖం గోడకు పెడితే చాపిన కాలు గోడకు తగులుతుందని, తలుపు వైపు పెట్టించాడు. అప్పుడు తలుపు లోపలికి తెరుచుకుంటే కాలుకు తగులుతుంది. కుర్చీలోంచి లేవకుండానే తలుపు బందులు విప్పి, అది బయటికి తెరుచుకునేలా తన చేత్తోనే మార్చాడు. ఆ పని అయ్యాక పానా ఒళ్లో పెట్టుకుని చాలాసేపు తలుపును తెరుస్తూ మూస్తూ కూర్చున్నాడు.

సీటు గట్టిగా కూర్చుంది. నీళ్లు పోస్తే సాఫీగా పోతున్నాయి. ఇక నేల మిగిలింది. గోపమ్మ ఆ పనిని ఎవరి మాటా వినకుండా చేసింది. సిమెంటు పరిచి, మోకాళ్ల మీద కూర్చుని, తాపీతో ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు నిమిరింది. గదిలో ఎక్కడా గుంట లేదు, గడ్డ లేదు. అంత నున్నని నేల నేను కొత్త అపార్టుమెంట్లలో కూడా చూడలేదు. గోపమ్మ గుమ్మంలో నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి, రమ్మని నన్ను పిలిచి మరీ చూపించింది.

సిమెంటు గట్టిపడ్డాక బకెట్‌తో నీళ్లు తెచ్చి పోసింది. నీళ్లు గదంతా పరుచుకున్నాయి. పరుచుకుని అక్కడే నిలిచాయి. మూలన నీళ్లు బయటికి పోయే మోరి వైపు ఒక్క చుక్క కదలలేదు. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఒకే మందం, ఎక్కడా తేడా లేదు.

ముగ్గురం గుమ్మంలోంచి తొంగి చూశాం. ముందు అర్థమైంది శ్రీశైలానికే.

"ఇత్తనాలు తేనా గోపమ్మా?" అన్నాడు. "నారు వోస్తే మస్తు మొలుస్తది."

అని నవ్వడం మొదలుపెట్టాడు. తొడ పట్టుకుని, నొప్పి పుడుతున్నా ఆపుకోలేక, కళ్ల వెంట నీళ్లు కారేలా నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. గోపమ్మ తాపీ తీసి వాకిట్లోకి విసిరికొట్టింది.

"నవ్వు! మంచిగ నవ్వు! గీ నీళ్లల్ల జారి పడితే రెండో కాలు గూడ ఇరుగుతది, అప్పుడు గూడ నవ్వు!"

గుమ్మంలో కూలబడి కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. నా నవ్వు ఆగిపోయింది. నిజమే, ఆమె ఇంత కష్టపడ్డది ఆయన ఒంటరిగా అడుగు పెట్టడానికి. నీళ్లు నిలిచే నేల మీద ఆయన్ను ఎలా వదులుతుంది?

శ్రీశైలం వాకర్ సాయంతో లేచి వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు.

"ఏడువకు. నేనొకటి అడుగుత చెప్పు. వాన దంచి కొట్టింది, నారుమడి నిండింది. ఏం జేస్తవ్?"

"గట్టు తెంపుత," అంది కొంగులోంచే.

"ఏ దిక్కు?"

"పల్లం దిక్కు."

"మరి మోరి దిక్కు పల్లం జెయ్యి. గంతే గద, దీనికింత ఫికరెందుకు?"

"చెయ్యి ఇనాలె గద! జర పల్లం కనవడితే చాలు, నాకు తెల్వకుంటనే సదును జేసేస్తది."

ఆయనకు ఉపాయం తట్టింది. తలుపు దగ్గర ఒక మేకుకు దారం కట్టించి, రెండో కొసను మోరి దగ్గర రెండు వేళ్లు కిందికి దింపి కట్టించాడు. గోపమ్మ నున్నటి నేల మీద ఉలితో గరుకుగా గాట్లు పెట్టి, తడిపి, దారం వెంబడే మళ్లీ సిమెంటు వేసింది. అలవాటు చొప్పున ఆమె చెయ్యి మోరి వైపు ఎత్తు పెంచబోయినప్పుడల్లా, "మళ్ల మడి జేస్తున్నవ్!" అని కుర్చీలోంచి కేక. "నీ నోరు వడిపోను," అని లోపలి నుంచి జవాబు. ఆ కేకలు వింటూ నేను మా వంటింట్లో హాయిగా కూరగాయలు తరుక్కున్నాను. చివర్లో కాలు జారకుండా పచ్చి సిమెంటు మీద చీపురుతో గీతలు గీసింది.

ఈసారి పోసిన నీళ్లు ఒక్క క్షణం తటపటాయించి, గీతల వెంట మోరిలోకి దూకాయి. నేను చప్పట్లు కొట్టాను.

పాత బోరు మోటారుకు వాడిన ఇనుప గొట్టం ముక్కను సీటు పక్క గోడలో బిగించారు, పట్టుకుని లేవడానికి. అది గట్టిపడ్డాక గోపమ్మ నన్ను పిలిచింది.

"టీచరమ్మా, మీరు జర దీన్ని పట్టుకొని ఏలాడుండ్రి."

"నేనెందుకక్కా?"

"ఆయన ఇప్పుడు బక్కగైండు. మీరైతే మంచి బరువున్నరు."

నా మనసు నొచ్చుకుంది. అయినా వేలాడాను. గొట్టం కదల్లేదు.

ఆదివారం పొద్దున శ్రీశైలం వాకర్‌తో బాత్రూంకు బయలుదేరాడు. గోపమ్మ వెనకే నడిచింది. ఆయన లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు. గడియ పడిన చప్పుడు వినగానే ఆమె గాభరాపడింది.

"గడియ ఎందుకయ్యా? పడితే ఎట్ల తియ్యాలె?"

"పడను. నువ్వు పో."

"ఈడనే నిలవడ్త."

"పోవే తల్లీ! నన్ను జర ఒక్కన్ని ఉండనియ్యి."

ఆమె వచ్చి నా పక్కన నిలబడింది కానీ చెవులు తలుపు దగ్గరే ఉన్నాయి. నిలబడలేక గబగబా ఇంటి వెనక్కి, మోరి గొట్టం బయటికి వచ్చే చోటికి నడిచింది. నేనూ వెంట వెళ్లాను. గొట్టంలోంచి ఏమీ రావడం లేదు. గోపమ్మ వంగి దానిలోకి చూసింది. అప్పుడు ఒక మగ్గు నీళ్లు వచ్చి పడ్డాయి. తర్వాత ఇంకొక మగ్గు. ఆ తర్వాత సబ్బు నురగ.

"తానం జేస్తున్నడు," అంది. "సన్నీళ్లతోని! నేను నీళ్లు కాగబెట్టనే లేదు. సూడుండ్రి ఈయన ఎంత తొందరనో." తిట్టబోయి, తిట్టలేక అక్కడే బట్టలుతికే బండ మీద కూర్చుండిపోయింది. "నా గుండె మీది బరువు దిగినట్టున్నది టీచరమ్మా," అని రెండు చేతులతో ముఖం తుడుచుకుంది.

శ్రీశైలం తడి తలతో బయటికి వచ్చి, "ఏమున్నది తినెతందుకు?" అని అడిగాడు. రాత్రి మిగిలిన జొన్న రొట్టెలు, పప్పు పెట్టింది. అన్నీ తిని, పప్పు గిన్నె ఒంపుకుని, చెంబెడు నీళ్లు గటగటా తాగాడు.

మధ్యాహ్నం గిన్నె ఒకటి తిరిగి ఇవ్వడానికి వెళితే, శ్రీశైలం గడప దగ్గర కుర్చీలో కూర్చుని పెదవి మీద వేలు పెట్టుకున్నాడు.

"మెల్లగ. పండుకున్నది."

లోపల చాప మీద గోపమ్మ నోరు తెరుచుకుని గురక పెడుతోంది. గోళ్లలో సిమెంటు ఇంకా పోలేదు. శ్రీశైలం నన్ను కూర్చోమని, గుసగుసగా కథ మొదలుపెట్టాడు. ఈ బాత్రూం తాను ఎలా కట్టాడో, గోపమ్మ ఎలా చెడగొట్టబోయిందో, తాను లేకపోతే ఏమయ్యేదో. సగంలో, "జర ఆగుండ్రి టీచరమ్మా," అని వాకర్ అందుకుని లేచాడు. వాకర్ కాళ్లు నేల మీద టక్కు టక్కుమంటూ వెనక్కి వెళ్లాయి. గడియ పడింది. నీళ్ల చప్పుడు వచ్చింది. గడియ తీసిన చప్పుడు వచ్చింది. ఆయన తిరిగి వచ్చి కూర్చుని, ఆపిన చోటి నుంచే మళ్లీ అందుకున్నాడు.

గోపమ్మ ఒకసారి అటు ఒత్తిగిలి పడుకుంది. ఆయన వెళ్లొచ్చిన సంగతి ఆమెకు తెలియనే లేదు.