మైలుతుత్తమా, నీలిమందా

మా పెద్దబిడ్డకు రెండేండ్లు నిండిన ఏడాది మా ఆయన ఇంట్ల సముద్రపు చేపలను పెంచుడు మొదలుపెట్టిండు. అరవైల మొదట్ల ముచ్చట ఇది. ఆయన కట్టంగూరు బడిల సైన్సు సారు. మేము కిరాయికి ఉన్నది గొర్లు పెంచే ఒక అవ్వ ఇంట్ల. ముందటి రెండు అర్రలు మావి. వెనుక అర్ర, గొర్ల దొడ్డి అవ్వవి. ఆమెకు మా బిడ్డ అంటె పానం. నేను పనిల ఉంటె ఆమె ఎత్తుకునేది.

నాకు తెలిసిన చేపలు చెరువు చేపలే. అవి కూరకు. చూసుకుంటందుకు చేపలు తెచ్చుడు ఏందో నాకు సమజ్ కాలే.

"మా పిల్లలల్ల ఒక్కరు గూడ సముద్రం చూడలే. సముద్రపు పాఠం చెప్తె ఎట్ల నమ్ముతరు?" అన్నడు ఆయన.

"మీరు చూసిన్రా?"

"ఒక్కసారి చూసిన," అన్నడు.

మా ఊరు పెద్దరోడ్డు మీదనే ఉంటది. బందరు దిక్కు నుంచి వచ్చే లారీలు చాయ్ కోసం ఆగేవి. ఒక లారీ డ్రైవర్‌తోని ఆయనకు దోస్తానా అయింది. ఆ డ్రైవర్ పచ్చళ్ల జాడీలల్ల సముద్రం నీళ్లు తెచ్చిండు. ఇంకో జాడీల వేలెడంత చేపలు నాలుగు. కిటికీ అద్దాలతోని మా ఆయనే ఒక తొట్టి చేసిండు. మా ఇంట్ల కరెంటు లేదు. చేపలకు గాలి కావాలంటడు. పాత లారీ ట్యూబుల గాలి కొట్టి, దానికి సన్నటి రబ్బరు గొట్టం కట్టి, ఆ గొట్టాన్ని నీళ్లల్ల ముంచిండు. బుడుగు బుడుగుమని బుడగలు వచ్చేవి. దినాం పొద్దుగాల, సాయంత్రం ఆ ట్యూబుకు గాలి కొట్టాలె. ఊరోళ్లు వచ్చి చూసి పోయేటోళ్లు. మా బిడ్డ ఆ తొట్టి ముందల నుంచి లేచేది కాదు.

తొట్టితోని పాటు సామాను గూడ వచ్చింది. నీళ్లల్ల ఉప్పెంత ఉందో చూసే గాజుగొట్టం, ఉప్పు డబ్బా, అద్దం కడిగే తెల్లటి పొడి, బడి నుంచి తెచ్చిన మందు సీసాలు. అన్నింటిని తొట్టి పక్కన, కిందికే ఉన్న గోడ గూట్ల పెట్టిండు. సీసాల మీద పేర్లు ఇంగ్లీషుల ఉండె. నేను నాలుగో తరగతి దాక తెలుగే చదువుకున్న. ఏ సీసాల ఏముందో నాకు ఎరుక లేదు. అడిగితె, "వాటితోని నీకేం పని? ముట్టకు," అన్నడు. నేను ముట్టలే. బిడ్డ ముట్టకుంట ఎవరు చూడాలె అన్న మాట ఇద్దరం అనుకోలే.

కొన్ని దినాలకు చేపల మీద తెల్లటి చుక్కలు లేసినయి. మా ఆయన నల్లగొండల ఉండే ఇంకో సైన్సు సారును అడిగి వచ్చి, తొట్టి నీళ్లల్ల కాపర్ సల్ఫేటు, అంటె మైలుతుత్తం, చిటికెడంత కలపాలన్నడు. బడి నుంచి తెచ్చి, నూరి, పేపర్ల పొట్లం కట్టిండు. ఆ పొట్లం గూడ గూట్లకే పోయింది. బట్టలకు వేసే నీలిమందు పొట్లం నేను ఎప్పటి నుంచో అదే గూట్ల పెట్టుకునేదాన్ని. రెండూ పేపరు పొట్లాలే. రెండూ నీలమే.

ఆ రోజు ఆయన బడికి పోయిండు. నేను బట్టలు ఉతికి, ఆయన తెల్లధోతి నీలిల ముంచి, దండెం మీద ఆరేస్తున్న. బిడ్డ అవ్వతోని వాకిట్ల ఉందనుకున్న. అవ్వనేమో బిడ్డ నా దగ్గరికి వచ్చిందనుకొని గొర్రెపిల్లను కట్టేస్తందుకు దొడ్డిలకు పోయిందట. నేను లోపలికి వచ్చి చూస్తె, బిడ్డ తొట్టి ముందల కూసోని ఉంది. పెదవులు నీలం. చేతులు నీలం. కాళ్లకాడ తడిసి చినిగిన పేపరు ఒకటి, దాని మీద నీలం పొడి ముద్ద.

గూట్లకు చూసిన. అక్కడ ఒక్క పొట్లమే ఉంది. అది విప్పి చూస్తె దాంట్ల గూడ నీలం పొడే. ఇది నేను బట్టలకాడికి తీసుకపోయి మళ్ల తెచ్చి పెట్టిన నీలిమందా? లేకుంటె నీలిమందును బట్టలు ఉతికిన అరుగు మీదనే విడిచి వచ్చిన్నా? ఎంత యాది చేసుకున్నా యాదికి రాలే. అరుగు మీదికి ఉరికి చూసిన. అక్కడ ఏం లేదు.

అవ్వ వచ్చింది. కింద పడ్డ ముద్దను వేలితోని తీసి చూసింది.

"మైలుతుత్తమే బిడ్డా. గొర్ల గిట్టలు కుళ్లితె మేము పెడ్తం. జర నాకితె గొర్రె బతకది," అన్నది. మళ్ల వెలుతురుకు పట్టి చూసి, "కాదేమో. గింత ముదురుగ ఉండదే అది. నీలేమో," అన్నది.

నేను బిడ్డను ఒళ్లె కూసోపెట్టుకొని అడిగిన.

"ఏం తిన్నవ్ బిడ్డా?"

"శక్కరి."

"బట్టల నీలి తిన్నవా?"

"ఆ."

"చేపల మందు తిన్నవా?"

"ఆ."

"ఏనుగును తిన్నవా?"

"ఆ," అని నవ్వింది.

అవ్వ ఉప్పునీళ్లు కలిపి, "తాగిపియ్యి, కక్కుతది," అన్నది. అది మంచిదో చెడ్డదో నాకు తెల్వది. గ్లాసు నోటికాడ పెట్టిన. బిడ్డ ఒక్క గుక్క నోట్ల పోసుకొని నా మీదనే ఉమ్మేసింది. గూట్లకెళ్లి ఒక సీసా అందుకొని, బిడ్డను సంకల వేసుకొని, రోడ్డు మీదికి ఉరికిన. అవ్వ చేతులు అడ్డం పెట్టి లారీ ఆపింది. తలుపులు తెరిచే ఉన్నయి, తొట్టి అట్లనే ఉంది, దొడ్డిల గొర్లు అట్లనే ఉన్నయి. దవాఖానకు అని ఇద్దరం లారీ ఎక్కినం.

దవాఖానల డాక్టర్ పెద్దమనిషి. బిడ్డ నోరు తెరిపిచ్చి చూసిండు. నాలుక, పెదవులు తడి దూదితోని తుడిచి, ఆ దూదిని చూసిండు.

"ఏం తిన్నదమ్మా?"

"మైలుతుత్తం, సార్. లేకుంటె బట్టల నీలి."

"ఏదో ఒకటి చెప్పు."

"తెల్వది సార్."

"ఎంత తిన్నది?"

"తెల్వది."

"కక్కిందా?"

"లేదు. అవ్వ ఉప్పునీళ్లు తాగిపియ్యమన్నది. ఉమ్మేసింది."

డాక్టర్ అవ్వ దిక్కు చూసిండు. "ఉమ్మేసి మంచి పని చేసింది. ఉప్పునీళ్లు పోసి కక్కిచ్చుడు చిన్నపిల్లలకు ఇంకో విషం. ఎప్పుడూ చెయ్యకున్రి. ఏం తిన్నదో అది పట్టుకొని సీదా ఇటే రావాలె," అన్నడు.

పట్టుకొని వచ్చిన కదా అని సీసా ముందల పెట్టిన. ఆయన సీసా మీది పేరు చదివి, మూత తీసి చూసిండు. లోపల తెల్లటి పొడి.

"ఇది తెల్లగ ఉంది. బిడ్డ నోరు నీలంగ ఉంది," అన్నడు.

నేను ఆ సీసా ఎందుకు పట్టుకొచ్చిన్నో నాకే అర్థం కాలే. దాని మూత నీలం రంగు. గంతే.

బిడ్డను మంచం మీద పండబెట్టిన్రు. గంటకొకసారి నర్సమ్మ వచ్చి కడుపు నొక్కి చూసేది. కక్కితె ఏ రంగుల కక్కుతదో చూడమన్నరు. నేను గిన్నె పట్టుకొని కూసున్న. కక్కాలని మొక్కాల్నా, కక్కొద్దని మొక్కాల్నా తెలుస్తలేదు. కక్కితె విషం ఉన్నట్టు. కక్కకుంటె లోపలనే ఉన్నట్టా, లేనట్టా? బిడ్డ మాత్రం గిన్నె తీసుకొని నెత్తిన పెట్టుకున్నది.

మధ్యాహ్నం దాటినంక మా ఆయన చెమటలు కక్కుకుంట వచ్చిండు. ఎవరో బడికి పోయి చెప్పిన్రట. ఆయన ఇంటికి పోయి గూట్ల ఉన్న పొట్లం పట్టుకొచ్చిండు. డాక్టర్ దాన్ని విప్పి చూసి, "ఇది మైలుతుత్తమే," అన్నడు. నాకు పానం లేసి వచ్చింది. గూట్ల ఉన్నది మైలుతుత్తం అయితె, కింద చినిగింది నీలిమందు అన్నట్టే కదా.

"తెచ్చినప్పుడు ఎంత ఉండె? ఇప్పుడు ఎంత ఉంది?" అని డాక్టర్ అడిగిండు.

మా ఆయన చేపలకు వేసేది త్రాసుల తూచి వేసేటాయన. అయినా పొట్లంల ఎంత ఉండెనో ఆయనకు తెల్వది. పైగా రెండు పొట్లాలు కట్టిన్నేమో, ఒకటే కట్టిన్నేమో అన్నడు.

సాయంత్రం దాక బిడ్డ కక్కలే, కడుపునొస్తుందని అనలే. అన్నం అడిగింది. డాక్టర్ వచ్చి, "నీలిమందే అయి ఉంటది. మైలుతుత్తమైతె గింతసేపు ఊకోదు. లేకుంటె నాలుకకు చేదు తగిలి ఉమ్మేసి ఉంటది. నేను రెండిట్ల ఏదని చెప్పలేను. ఇంటికి తీసుకపోండ్రి, రేపు మళ్ల చూపియ్యిండ్రి," అన్నడు.

మర్నాడు గూడ చూపిచ్చినం. బిడ్డకు ఏం కాలే. ఇప్పుడు ఆ బిడ్డకు మనుమలు ఉన్నరు. ఆ రోజు తిన్నది ఏదో ఇప్పటికీ మాకు తెల్వదు.

ఇంటికి వచ్చినంక ఇద్దరం చాన దినాలు సరిగ్గ మాట్లాడుకోలే. ఆయన ఒకసారి, "నువ్వు జర చూసుకుంటె అయిపోయేది," అన్నడు. "గోడ గూట్ల విషం పెట్టింది ఎవరు?" అన్న నేను. అవ్వ ఇద్దరి మాటలు విని, "తప్పు నాది. నేను దొడ్డిలకు పోయిన," అన్నది. ముగ్గురం ముగ్గురి తప్పు కాదని అనుకున్నం, మళ్ల ముగ్గురిదీ అనుకున్నం.

అవ్వకు చదువు రాదు, నాకు ఇంగ్లీషు రాదు. అందుకని విషం సీసాలకు గుర్తుగ మెడల నల్లగుడ్డ పేలిక కట్టుమన్నది అవ్వ. కట్టినం. రెండు దినాలు కాలే, బిడ్డ వచ్చి ఆ పేలికను చూపిచ్చి, "బొమ్మ, బొమ్మ," అని ఏడుపు. గుడ్డ కట్టిన సీసా దానికి బొమ్మ లెక్క కనవడ్డది. మేము వద్దని చెప్పేటందుకు కట్టింది దాన్ని రమ్మని పిలిచింది. పేలికలు విప్పేసినం.

చివరికి ఆయన ఒక ఇనుప పెట్టె తెచ్చి, సామానంత దాంట్ల పెట్టి, తాళం వేసి, అటుక మీదికి ఎక్కిచ్చిండు. తాళంచెవి తన మొలతాడుకు కట్టుకున్నడు. గాజుగొట్టం బడికి ఇచ్చేసిండు. నా నీలిమందు నేను దండెం కన్న ఎత్తుల, నిట్టాడు గుంజకు కట్టిన ఉట్టిల పెట్టుకున్న. తొట్టికి చెక్కమూత వచ్చింది. ట్యూబు అర్ర బయటికి పోయింది.

వానకాలంల ఆయన ఏదో ట్రైనింగు అని పాలమూరుకు పోయిండు. తాళంచెవి ఆయనతోనే పోయింది. మూడో దినం చేపల మీద మళ్ల తెల్లచుక్కలు లేసినయి. నేను ట్యూబుకు గాలి కొట్టుడు తప్ప ఏం చెయ్యలేను. పెట్టె దిక్కు చూసిన. పలుగుతోని తాళం పగలగొట్టొచ్చు. పగలగొట్టినంక ఏ సీసా, ఎంత? అవ్వ, "వాటి మీద నీకెందుకు రంది? బిడ్డ బాగుంది కదా," అన్నది. నిజమే. అయినా చేపలు ఒక్కొక్కటే తేలుతుంటె నాకు తినబుద్ధి కాలే. ఏడ్పు వచ్చింది. వాటిని ఇంట్లకు తెచ్చిన నాడు నేనే తిట్టుకున్న. అవి పోతె సంతోషపడాలె కదా.

ఆయన వచ్చి ఖాళీ తొట్టిని చూసిండు. "చచ్చిపోయినయా?" అన్నడు.

"ఆ. మచ్చలు లేసినయి. పెట్టె తాళం మీకాడ ఉండె."

ఆయన మొలతాడుకు ఉన్న తాళంచెవి మీద చెయ్యి పెట్టుకున్నడు. కోపమో, బాధో ఆయన మొఖంల నాకు దొరకలే. తర్వాత, "బిడ్డ అన్నం తిన్నదా?" అని అడిగిండు. తిన్నదన్న.

వారం దినాలకు తొట్టిని ఎడ్లబండి మీద బడికి పంపిండు. అక్కడ పిల్లలు దాంట్ల కప్పలను పెట్టిన్రట. బండి పోయినంక నేను అర్ర ఊడ్చిన. తొట్టి ఉన్న మూలల ఏం పెట్టాలనో నాకు తోచలే. చాన దినాలు గట్లనే ఉంచిన.