ప్రభాకరన్న మడత పడవ

నిన్న ఆదివారం. చర్చికని షర్ట్ ఇస్త్రీ చేస్తుంటే ప్రభాకరన్న భార్య సరోజక్క ఫోన్.

"మీ అన్న లేవట్లేదు. నువ్వు రా."

వెళ్లేసరికి ప్రభాకరన్న లేడు. నిద్రలోనే గుండె ఆగిందట.

షాక్‌లో ఏడుపు కూడా రాలేదు. నిజం చెప్తున్నా, ముందు కోపం వచ్చింది.

ఇంత మొండి మనిషిని నేనెక్కడా చూడలేదు. మా స్కూల్లో డ్రాయింగ్ మాస్టారుగా రిటైర్ అయ్యాడు. బుద్ధిగా పెన్షన్ తీసుకుని కూర్చోవచ్చు కదా? అల్వాల్‌లో ఇంటి ముందు తొమ్మిదేళ్లు సముద్రం పడవ కట్టాడు! మధ్యలో పెద్ద పడవ, చెరో పక్కా ఒక చిన్న పడవ, వాటిని కలిపే చేతుల్లాంటి దూలాలు. అంతా ప్లైవుడ్, గ్లూ.

బందరులో పుట్టి ఈత రాదు. దీంట్లో అండమాన్ పోతాడట.

ఎవడైనా ముందు ఈత నేర్చుకుంటాడు. ఈయన తెరచాప కుట్టడం నేర్చుకున్నాడు.

వాకిలంతా పడవే. సరోజక్కకి బట్టలారేసే దండెం అదే. క్రిస్మస్ స్టార్ కూడా దాని కొయ్యకే. పోయిన డిసెంబర్‌లో క్యారల్స్‌కి వెళ్తే లోపల చోటు లేక అందరం రోడ్డు మీద నిలబడి పాడాం.

అప్పుడే అందరి ముందు అడిగాను. "గేటు ఎట్ల దాటుతదన్నా ఇది? గోడ కూలగొడ్తవా ఏందీ?"

పగలబడి నవ్వారు.

ఆయన మాత్రం సీరియస్‌గా, "మడుస్తాను తమ్ముడూ. నాలుగు బోల్టులు, ఇద్దరు మనుషులు, పది నిమిషాలు. రెండో మనిషిగా నువ్వు రా. ఒక్కసారి మడిచి చూసుకుంటే బందరు తీసుకెళ్లిపోతా" అన్నాడు.

"వచ్చే ఆదివారం పక్కా వస్తనన్నా."

ఆ తర్వాత ప్రతి ఆదివారం చర్చి బయట ఆయన అడిగేవాడు. నేను అదే మాట చెప్పి, ఇంటికెళ్లి బిర్యానీ తిని పడుకునేవాణ్ణి. ఆ చెక్కల కుప్ప కోసం టైమ్ వేస్ట్ ఎందుకని. స్టాఫ్ గ్రూపులో ఆయనకి "కెప్టెన్ అల్వాల్" అని పేరు పెట్టిందీ నేనే.

నిన్న మధ్యాహ్నం శవపేటిక వచ్చింది. గేటు దగ్గరే ఆగిపోయింది. పడవకీ గోడకీ మధ్య మనిషి పక్కకి తిరిగితే తప్ప దారి లేదు.

పెట్టె తెచ్చినతను "జెర ఈ పడవ జరపాలె సార్" అన్నాడు.

సరోజక్క లోపలికెళ్లి స్పానర్ తెచ్చి నా చేతిలో పెట్టింది.

నేనూ అతనూ నాలుగు బోల్టులు తీశాం. పక్క పడవలు రెండూ మెల్లగా మడుచుకుని మధ్య పడవని ఆనుకున్నాయి. పది నిమిషాలు కూడా పట్టలేదు.

తర్వాత ఆయన టేపుతోనే కొలిచాను. మడిచిన పడవ వెడల్పు గేటు కంటే జానెడు తక్కువ ఉంది.

గ్రూపులో ఆర్ఐపీలు పెడుతున్న మిత్రులారా, తొమ్మిదేళ్లు నవ్విన వాళ్లం మనమే. అందరికంటే ఎక్కువ నవ్వినవాణ్ణి నేను. ఆయనకి కావాల్సింది నా పది నిమిషాలు. అవి కూడా ఇవ్వలేకపోయాను. థూ నా బతుకు.

నీ పడవ గేటు దాటుతుందన్నా. నువ్వు చెప్పినట్టే.

వెళ్లిరా. ప్రభువు దగ్గర హాయిగా విశ్రాంతి తీసుకో.