కోడె సుడి, లినో అచ్చు

మా బావ, అంటే మా ఆయన అన్న, నా లినో చెక్కుడుకు పెట్టిన పేరు "రబ్బరు గీకుడు". ఇంటికి ఎవరొచ్చినా ముందు ఆ మాట చెప్పి నవ్వించేవాడు. "మా తమ్ముడి పెండ్లాము వంట ముగించి రబ్బరు గీకతాది" అనేవాడు. వాళ్లు నవ్వేవాళ్లు. నేను లోపల ఉలి మీద బొటనవేలు ఇంకాస్త గట్టిగా నొక్కేదాన్ని.

మా తమిళనాడు ధర్మపురి టౌనులో ఒక డ్రాయింగ్ మాస్టారు వేసవి సెలవుల్లో ఆడవాళ్లకు క్లాసు పెడితే అక్కడ నేర్చుకున్నాను. లినోలియం ముక్క మీద బొమ్మ గీసి, తెల్లగా రావలసిన చోటల్లా చిన్న ఉలితో తవ్వేయాలి. మిగిలిన మిట్ట మీద రోలరుతో సిరా పూసి, పైన కాగితం వేసి రుద్దితే అచ్చు పడుతుంది. చెప్పడానికి ఇంతే. చేస్తేగానీ తెలియదు దాని పొగరు. చలికాలంలో లినో పెళుసెక్కి అంచులు రాలిపోతాయి, కాసేపు ఎండలో పెట్టి వెచ్చబరిస్తే వెన్నలా తెగుతుంది. మా ఊరి ఎండలో మరిచిపోయి వదిలేశారో, వంకర తిరుగుతుంది. సిరా ఎక్కువైతే సన్న గీతలన్నీ పూడిపోతాయి, తక్కువైతే నలుపు మీద గజ్జి పట్టినట్టు తెల్ల మచ్చలు. ఉలికి ఎదురుగా ఎడమ చేయి పెట్టకూడదని మాస్టారు నెత్తీనోరూ కొట్టుకుని చెప్పారు. పెట్టాను. ఆ గాటు ఇప్పటికీ ఉంది. ప్రెస్సు కొనే తాహతు నాకెక్కడిది, అన్నం గరిటె వీపుతో రుద్దేదాన్ని. అది చూసి మా అత్త గరిటెలు లెక్కపెట్టుకునేది.

ఇవన్నీ నేను కొట్టం పక్కన గడ్డి గదిలో చేసుకునేదాన్ని. గోడకు అవతల నా కోడె ఉండేది. నా కోడె అని ఎందుకంటున్నానంటే, పెళ్లిలో మా అమ్మగారింటి నుంచి నాకు అరణంగా వచ్చిన ఆవు దూడ అది. ఆవు పోయింది, దీన్ని నేనే గంజి తాగించి పెంచాను. నల్లటి ఒళ్లు. కుడి కొమ్ము కొస విరిగి ఉండేది. కుడి భుజం మీద గుండ్రంగా ఒక సుడి. మా వైపు పశువును కొనేవాడు పళ్లకన్నా ముందు సుళ్లు చూస్తాడు. కుడి భుజాన సుడి ఉంటే ఇంట్లో గాదె నిండుతుంది. అదే ఎడమ భుజాన ఉంటే యజమానిని మింగుతుందని చెప్పి గుమ్మంలోకి కూడా రానివ్వరు.

ఒకరోజు మా బావ భోజనం దగ్గర కూర్చుని, కోడెను ఎ. పళ్లిపట్టి సంతలో అమ్మేస్తున్నానన్నాడు.

"అది నా అరణం బావా" అన్నాను.

"అరణం అంటే ఇచ్చేసిందే కదమ్మా. ఇన్నాళ్లు మేసిన గడ్డి ఎవురిది? నీ పుట్టింటోళ్లదా?"

మా ఆయన చెంబెత్తి నీళ్లు తాగుతూ కూర్చున్నాడు. అంతసేపు తాగడానికి ఆ చెంబులో అన్ని నీళ్లు లేవు.

అంతటితో ఆగితే ఆయన మా బావ ఎందుకవుతాడు? క్రిష్ణగిరి వైపు పరుగు ఎద్దులకు బొమ్మల నోటీసులు అంటిస్తారట, మన కోడెకూ అంటించాలన్నాడు. "సుమ్మా, ఊరికే రబ్బరు గీకతా ఉంటావు కదా, ఇది గీకు. అప్పుడైనా ఆ గది నీకు ఇచ్చినందుకు పని జరుగుతాది." నా బిడ్డలాంటి దాన్ని అమ్మడానికి నా చేతే చాటింపు వేయించడమన్నమాట. అయినా చెక్కాను. కనీసం దాని ముఖమైనా నా దగ్గర ఉంటుందనుకున్నాను.

కోడె ఎదురుగా నిలబడి మనల్నే చూస్తున్నట్టు బటర్ పేపరు మీద గీసి, దాన్ని లినో మీద బోర్లించి వెనక నుంచి రుద్దాను. అట్లా చేస్తే లినో మీద బొమ్మ తిరగబడి పడుతుంది, అచ్చు వేసినప్పుడు మళ్లీ తిరిగి సరిగ్గా వస్తుంది. అందుకే లినో మీద విరిగిన కొమ్ము ఎడమ వైపుది. సుడి ఒక్కటే చెక్కవలసి ఉండగా మా బావ వచ్చి తలమీద నిలబడ్డాడు.

"కండ్లు యాడ పెట్టుకున్నావమ్మా? ఇరిగింది కుడి కొమ్ము. నువ్వు ఎడమది ఇరిచినావు."

"అచ్చులో తిరుగుతాది బావా."

"కొమ్ము ఎట్లన్నా పోనీ. సుడి మాత్రం తప్పరాదు. ఇదో, ఈడ చెక్కు." లినో మీది కోడెకు కుడి భుజం ఎక్కడుందో అక్కడ వేలు ఆనించాడు.

"అక్కడ చెక్కితే కాగితం మీద ఎడమకు పోతాది."

"సుడి గురించి నాకు చెప్తావా నువ్వు? నీ వయసుకన్నా ఎక్కువ పశువుల్ని చూసినాను నేను. చెక్కు."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఆయన వేలు పెట్టిన చోటే, ఆయన చూస్తుండగానే చెక్కాను. ఆ సుడి ఎంత బాగా వచ్చిందో! అంత సన్న గీత అంతకు ముందు నా చేతికి ఎన్నడూ రాలేదు.

అచ్చులు తీసి దండెం మీద ఆరేస్తే మా బావ వచ్చి కొమ్ము ఒక్కటే చూసుకుని, "ఇదిగో, కొమ్ము సరిగ్గా వచ్చింది" అన్నాడు. సుడి కూడా చూడండి అన్నాను. "నేను చెప్పిన కాడే కదా చెక్కినావు, ఇంకేం చూసేది" అని, కింద తమిళంలో ఊరూ సంత రోజూ రాయించి టీ కొట్లకు పంపేశాడు.

సంత నుంచి మా బావ కోడెతోనే తిరిగి వచ్చాడు. ముఖం మాడిపోయి ఉంది. నేను సంతోషపడ్డాను. దాచడం ఎందుకు, కొట్టంలోకి పోయి కోడె గంగడోలు పట్టుకుని నవ్వాను. ఆ తర్వాతే మా ఆయన అసలు సంగతి చెప్పాడు. అదియమాన్‌కోట్టై వైపు నుంచి ఒక పెద్దాయన కోడెను మెచ్చి, కాళ్లూ పళ్లూ అన్నీ చూసి, ఆఖరున జేబులోంచి నోటీసు తీశాడట. ఎవరు గీశారని అడిగితే తమ్ముడి పెండ్లామని మా బావే చెప్పాడట. బొమ్మలో సుడి ఎడమ భుజాన ఉంది. కోడె ఒంటి మీద కుడి భుజాన ఉంది. "బొమ్మలో కొమ్ము సరిగ్గా ఉండాది. అంటే చూసి గీసిందే. ఇంటి కోడలి చేయి అబద్ధం చెప్పదు. మీరే వెంట్రుకలు కాల్చి, నూనె రాసి సుడి మార్చినారు" అన్నాడట. పశువుల దళారులు అట్లాంటి పనులు చేయడం అందరికీ తెలిసిందే. కోడెను కళ్లారా చూసినవాళ్లు కూడా కాగితాన్నే నమ్మారు. మళ్లీ ఎవరూ దాని దగ్గరకు రాలేదు.

"కావాలనే చేసింది" అన్నాడు మా బావ. వేలు ఎవరిదో ఆయనకు గుర్తు లేదు. లేక గుర్తుండే అన్నాడో. "మళ్లీ సంతకు కేరళ లారీ వస్తాది. దానికి ఎక్కించేస్తా."

కేరళ లారీ అంటే కోతకే. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు, నా మీద కోపానికి ఆ నోరులేని జీవిని చంపుతానంటున్నాడు. తానే తప్పు చెప్పానని నలుగురిలో ఒక్క మాట అంటే అయిపోయేది. ఆ మాట కన్నా కోడె మెడ తెగడమే ఆయనకు సులువు. ఇక నా ముందు నుయ్యి, వెనక గొయ్యి. నోరు మూసుకుంటే లారీ. సుడి కుడిదేనని రుజువు చేస్తే పెద్దాయన కొనుక్కుని పోతాడు. ఎట్లయినా కోడె నాకు దక్కదు.

మళ్లీ సంత రోజు మా బావ కోడెను తోలుకుని పోయాక, లినో, రోలరు, సిరా డబ్బా, కాగితాలు గుడ్డ సంచిలో వేసుకుని నేనూ బస్సెక్కాను. పశువుల సంతలోకి మా ఇళ్ల ఆడవాళ్లు పోరు. పోయాను. లారీ అప్పటికే వెనక తలుపు దించుకుని నిలబడి ఉంది. పెద్దాయన ఇంకో ఎద్దు పళ్లు చూస్తున్నాడు. ఆయన ముందు టీ కొట్టు బల్ల మీద లినో పెట్టాను.

"తాతా, సుడి యాడుండాదో చెప్పండి."

వంగి చూశాడు. "కుడి భుజాన."

"కొమ్ము?"

"ఎడమది ఇరిగుండాది."

సిరా పూశాను. రోలరు జారింది, మళ్లీ పూశాను. టీ కొట్టతన్ని గరిటె అడిగి తీసుకుని కాగితం వీపు మీద రుద్దాను. చుట్టూ జనం. మా బావ వాళ్లను తోసుకుంటూ వచ్చి, "ఇంటికి నడువమ్మా, మానం తీయొద్దు" అన్నాడు. నేను కాగితం మెల్లగా ఒలిచి లినో పక్కన పెట్టాను. కొమ్ము కుడికి వచ్చింది. సుడి ఎడమకు పోయింది.

పెద్దాయన కాగితాన్నీ లినోనూ మార్చి మార్చి చూశాడు. "తిరగబడుతాదా ఇది! కొమ్ముకు తెలిసిన యవ్వారం సుడికి తెలీలేదా? ఈడ చెక్కమని ఎవురు చెప్పినారమ్మా?"

"ఆయన్నే అడగండి" అన్నాను.

అందరూ మా బావ వైపు తిరిగారు. టీ కొట్టతను గట్టిగా నవ్వాడు. ఇన్నాళ్లూ మా ఇంట్లో నా మీద నవ్విన నవ్వులన్నిటికీ అది చాలదు. అయినా నా చెవులకు చల్లగా ఉంది.

పెద్దాయన కోడెను కొన్నాడు. తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని బేరం తెగ్గొట్టుకున్నారు. మా వైపు అమ్మినవాడు పశువును ఇస్తాడు గానీ పలుపు ఇవ్వడు. మెడ తాడు ఇంట్లో ఉంటే లక్ష్మి ఇంట్లోనే ఉంటుందని. పెద్దాయన తన కొత్త తాడు కట్టి, పాత పలుపు విప్పి మా బావ చేతికిచ్చాడు. కోడె నా సిరా చేతిని నాకింది. తర్వాత తాడు లాగితే మామూలుగా నడిచి పోయింది.

మా బావ ఆ పలుపును నా కాళ్ల ముందు విసిరేశాడు.

"తీసుకోమ్మా, నీ అరణం."

వంగి తీసుకున్నాను. ముడి దగ్గర నల్లటి మెడ వెంట్రుకలు కొన్ని చిక్కుకుని ఉన్నాయి.